తెర కొత్తదే, బొమ్మే మసక
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదు చుట్టూ తిరిగాయి. ముచ్చటపడి పలుచని టీవీ కొనుక్కుంటే, డిష్ నుంచి వచ్చే చానెళ్లు మాత్రం అందులో ఆశించినంత బాగా కనబడడం లేదన్నదే ఆ ఫిర్యాదు. అందువల్ల మిగిలిన ప్రశ్నలను పక్కన పెట్టి, ఈ సంచికలో దానికే చోటు కేటాయిస్తున్నాము.

ప్రశ్న: పాత డబ్బా టీవీలో మాకు అన్ని చానెళ్లూ చక్కగానే కనబడేవి. ఇటీవల 43 అంగుళాల 4కె టీవీ తీసుకున్నాము. దుకాణంలో చూసినప్పుడు బొమ్మ కళ్లు చెదిరేలా ఉంది. ఇంటికి తెచ్చి పాత సెట్‌టాప్ బాక్సుకే తగిలిస్తే ముఖాలు అలికినట్టుగా, అక్షరాలు మసకగా ఉన్నాయి. లోపం టీవీలో ఉందా, లేక డిష్‌ను మళ్లీ తిప్పించాలా?

జవాబు: రెండూ కాదు. డిష్ తిప్పించినంత మాత్రాన ఈ మసక పోదన్న సంగతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే ఇటువంటి ఫిర్యాదు వినగానే చాలామంది మెకానిక్కులు మేడ ఎక్కి చేసే మొదటి పని అదే. ఉపగ్రహ ప్రసారం డిజిటల్ రూపంలో వస్తుంది. దారిలో కొంత సమాచారం చెడిపోయినా సరిదిద్దుకొనే ఏర్పాటు ఆ సిగ్నల్‌లోనే ఉంటుంది. ఆ ఏర్పాటు పనిచేసినంత వరకు, ప్రసార కేంద్రం నుంచి బయలుదేరిన సమాచారం పొల్లు పోకుండా మీ బాక్సుకు చేరుతుంది. సరిదిద్దలేనంతగా సిగ్నల్ పడిపోతే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది, కదలకుండా నిలిచిపోతుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. అంతే తప్ప మసకబారదు. పాత యాంటెనాల కాలంలో సిగ్నల్ తగ్గేకొద్దీ తెర మీద చుక్కలు, నీడలు వచ్చి బొమ్మ క్రమంగా పాడయ్యేది. ఆ అలవాటు కొద్దీ ఇప్పటికీ మనం డిష్‌నే అనుమానిస్తున్నాము.

అసలు సంగతి లెక్కలో ఉంది. మామూలు చానెల్, అంటే ఎస్‌డీ చానెల్, 576 గీతల పద్ధతిలో గీతకు 720 చుక్కల (పిక్సెళ్ల) చొప్పున వస్తుంది. మొత్తం 4,14,720 చుక్కలు. చాలా చానెళ్లు ఖర్చు తగ్గించుకోవడానికి గీతకు 544 చుక్కలతోనే సరిపెడతాయి. మీ 4కె తెర మీద ఉన్నవి 82,94,400 చుక్కలు. అంటే తెర మీది ప్రతి ఇరవై చుక్కలలో ఒక్కదానికే నిజమైన సమాచారం ఉంది. మిగిలిన పందొమ్మిదింటినీ టీవీ తన ఊహతో నింపుకోవాలి. దీనికి తోడు, పంపేటప్పుడు బొమ్మను బాగా కుదిస్తారు. పాత బాక్సులు వాడే ఎంపెగ్-2 పద్ధతిలో బొమ్మను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల చిన్న గళ్లుగా విడగొట్టి కుదిస్తారు. అలాంటి ఒక గడి మీ తెర మీదికి వచ్చేసరికి సుమారు 43 చుక్కల వెడల్పు, 30 చుక్కల ఎత్తు గల పలక అవుతుంది. వార్తలు చదివే వ్యక్తి చెవి దగ్గర, జుట్టు అంచున ఒకసారి పరీక్షగా చూడండి. చీమలు పాకినట్టు కదిలే మచ్చలు కనబడితే అవి ఈ కుదింపు మిగిల్చిన గుర్తులే. మీ పాత టీవీలోనూ ఇవి ఉండేవి. కాని ఆ తెర చిన్నది, పైగా దాని చుక్కలు ఒకదానిలోకి ఒకటి కాస్త కలిసిపోయేవి గనుక మచ్చలు కంటికి ఆనేవి కావు. కొత్త తెర ప్రతి చుక్కనూ విడిగా, నిక్కచ్చిగా చూపిస్తుంది.

దుకాణంలో మీరు చూసింది ఏ చానెలూ కాదు. 4కె నాణ్యతతో ప్రత్యేకంగా తీసి, పెన్‌డ్రైవ్ నుంచో టీవీ లోపలి నుంచో ప్రదర్శించే ముక్క అది. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, లోపలికి వచ్చేదాన్ని బట్టే తెర మీద కనబడేది ఉంటుంది. కాబట్టి మీరు ఎక్కువగా చూసే చానెళ్లకు హెచ్‌డీ రూపం ఉంటే దాన్ని తీసుకోవడం, దానికి తగిన హెచ్‌డీ బాక్సు పెట్టించుకోవడం అసలైన పరిష్కారం. హెచ్‌డీ చానెల్‌లో 1920 చుక్కల వెడల్పు గల 1080 గీతలు వస్తాయి. చుక్కల లెక్కన ఇది ఎస్‌డీకి సరిగ్గా ఐదింతలు. పైగా హెచ్‌డీ చానెళ్లలో ఎక్కువగా వాడే ఎంపెగ్-4 కుదింపు, అదే పరిమాణంలో మెరుగైన బొమ్మను ఇముడుస్తుంది.

హెచ్‌డీ రూపం లేని చానెళ్లకు మిగిలిన ఉపాయం దూరం జరగడమే. ఎస్‌డీ బొమ్మను తెర ఎత్తుకు దాదాపు ఆరు రెట్ల దూరం నుంచి, హెచ్‌డీని మూడు రెట్ల దూరం నుంచి చూడాలన్నది ప్రసార నిపుణులు చాలాకాలంగా పాటిస్తున్న కొలత. మీ టీవీ తెర ఎత్తు సుమారు 53 సెంటీమీటర్లు కనుక ఎస్‌డీకి మూడు మీటర్లకు పైచిలుకు, హెచ్‌డీకి మీటరున్నర పైన అన్నమాట. గది చిన్నదైతే టీవీ కూడా చిన్నదే మేలని నా అభిప్రాయం. ఇది కొనక ముందు చెప్పవలసిన మాట అని తెలుసు గాని, ఇంకా కొనని పాఠకులకైనా పనికొస్తుంది.

ప్రశ్న: మాది హెచ్‌డీ బాక్సు. హెచ్‌డీ చానెళ్లకు విడిగా చందా కూడా కడుతున్నాము. అయినా మామూలు చానెల్‌కూ హెచ్‌డీ చానెల్‌కూ పెద్ద తేడా తెలియడం లేదు. మా కళ్లదే తప్పా?

జవాబు: కళ్లను అనుమానించే ముందు బాక్సు వెనక్కి తొంగి చూడండి. అక్కడి నుంచి టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు వెళ్తూ ఉంటే సమాధానం దొరికినట్టే. ఎరుపు, తెలుపు పిన్నులు ధ్వనికి, పసుపు పిన్ను బొమ్మకు. వెలుగునూ రంగునూ ఒకే తీగలో కలిపి పంపే ఆ పసుపు వైరుకు హెచ్‌డీని మోసే శక్తి లేదు. బాక్సు లోపల హెచ్‌డీగా విచ్చుకున్న బొమ్మ ఆ వైరులోకి వెళ్లేముందు మళ్లీ 576 గీతలకు కుంచించుకుపోతుంది. టీవీ దాన్ని తిరిగి సాగదీస్తుంది. వెలుగు, రంగు కలగలిసిపోవడం వల్ల గళ్ల చొక్కాల మీద లేని ఇంద్రధనుస్సులు మెరవడం, ఎర్రని అక్షరాల అంచుల వెంట చుక్కలు పాకడం కూడా ఈ వైరు చలవే. దాన్ని తీసేసి, బొమ్మనూ ధ్వనినీ అంకెల రూపంలో కలిపి మోసే హెచ్‌డీఎంఐ వైరు పెట్టండి. తరువాత టీవీ రిమోట్‌లో సోర్స్ మీట నొక్కి, ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చడం మరవకండి. కొత్త వైరు పెట్టి పాత సోర్స్‌లోనే చూస్తున్న ఇళ్లు చాలానే ఉంటాయి.

హెచ్‌డీఎంఐ వైరు ఇప్పటికే ఉందనుకుందాం. అప్పుడు చూడవలసింది బాక్సు మెనూ. సెట్టింగులలో వీడియో అవుట్‌పుట్ లేదా రిజల్యూషన్ అనే చోట 576 అని ఉంటే, ఎంత హెచ్‌డీ చానెల్ పెట్టినా టీవీకి చేరేది ఎస్‌డీయే. సరిచూసుకోవడానికి తేలికైన మార్గం ఒకటుంది. హెచ్‌డీ చానెల్ పెట్టి, బాక్సు రిమోట్‌ను పక్కన పెట్టి, టీవీ రిమోట్‌లోని ఇన్ఫో మీట నొక్కండి. తనకు వాస్తవంగా అందుతున్నది ఎన్ని గీతల బొమ్మో చాలా టీవీలు మూలన ఒక అంకెతో చూపిస్తాయి. అక్కడ 1080 గాని 720 గాని కనబడాలి. బాక్సు తెర మీద చూపించే హెచ్‌డీ ముద్ర చానెల్ గురించి చెబుతుందే గాని, వైరులో వెళ్తున్నదాని గురించి కాదు.

ఏ అంకె పెట్టుకోవాలన్నది కొంచెం ఓపికగా ఆలోచించవలసిన విషయం. చాలా హెచ్‌డీ చానెళ్లు 1080ఐ పద్ధతిలో, అంటే ఒక విడతలో బేసి గీతలు, మరుసటి విడతలో సరి గీతలుగా వస్తాయి. వాటిని కలిపి నిండు బొమ్మగా కుట్టే పని ఎవరో ఒకరు చేయాలి. మంచి టీవీలలోని చిప్పు సాధారణంగా బాక్సులోని చిప్పు కంటే ఆ పని నేర్పుగా చేస్తుంది. అందువల్ల హెచ్‌డీ ఎక్కువగా చూసేవారికి 1080ఐ సరిపోతుంది. ఎస్‌డీ చానెల్ విషయంలో మాత్రం ఇదే అమరికతో చిక్కుంది. బాక్సు ఆ బొమ్మను కుట్టి, పెద్దది చేసి, మళ్లీ బేసి సరి గీతలుగా విడదీసి పంపితే, టీవీ మరొకసారి కుడుతుంది. ఇంత చాకిరీలో ఎంతో కొంత పదును పోతుంది. మీ బాక్సులో నేటివ్ లేదా ఒరిజినల్ అనే అమరిక ఉంటే, వచ్చినదాన్ని వచ్చినట్టే టీవీకి అప్పగిస్తుంది కనుక అది అన్నింటికంటే మేలు. చానెల్ మార్చిన ప్రతిసారీ తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, దాన్ని భరించగలిగితే చాలు.

ప్రశ్న: టీవీ బిగించడానికి వచ్చిన కుర్రవాడు బొమ్మ మెరవాలని షార్ప్‌నెస్, కలర్ అన్నీ పైకి జరిపి వెళ్లాడు. మొదట బాగానే అనిపించింది గాని ఇప్పుడు ముఖాలు ఎర్రగా కాలినట్టు, మనుషుల చుట్టూ తెల్లని గీత గీసినట్టు కనబడుతున్నాయి. అసలు ఎలా సరిచేసుకోవాలి?

జవాబు: ఒక సాయంత్రం తీరిక చేసుకుంటే మీ అంతట మీరే సరిచేసుకోవచ్చు. రోజూ టీవీ చూసే వేళకు గదిలో ఎంత వెలుతురు ఉంటుందో అంత వెలుతురులోనే కూర్చోండి. మొదట పిక్చర్ మోడ్ చూడండి. వివిడ్, డైనమిక్ అనే పేర్లున్నవి దుకాణాల దీపకాంతిలో పక్క టీవీని ఓడించడానికి తయారుచేసినవి. ఇంట్లో వాటి పని లేదు. సినిమా, మూవీ లేదా ఫిల్మ్‌మేకర్ అనే మోడ్‌కు మార్చండి. దర్శకుడు చూపదలచినట్టే బొమ్మ కనబడాలన్న ఉద్దేశంతో 2019లో టీవీ కంపెనీలు, సినిమా స్టూడియోల కూటమి అయిన యూహెచ్‌డీ అలయన్స్ ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ ఇప్పుడు అనేక కొత్త టీవీలలో ఉంటోంది. మార్చిన వెంటనే తెర పసుపు పులిమినట్టు కనబడుతుంది, కంగారు పడకండి. ఇన్నాళ్లూ చూసిన నీలి తెలుపుకు కళ్లు అలవాటుపడ్డాయి, అంతే. ప్రసారాలు తయారయ్యేది 6500 కెల్విన్ (తెలుపు ఎంత పసుపుగా, ఎంత నీలంగా ఉందో చెప్పే కొలత) తెలుపును ప్రమాణంగా పెట్టుకొని. కలర్ టెంపరేచర్‌లో వార్మ్ అనే అమరికే సాధారణంగా దానికి దగ్గరగా ఉంటుంది. నాలుగు రోజులు ఓపిక పడితే పాత అమరికే మీకు నీలంగా కనబడుతుంది.

ఆ తరువాత గది వెలుతురును బట్టి తనంతట తాను తెరను మార్చే ఎకో సెన్సర్‌ను, దృశ్యాన్ని బట్టి మార్చే డైనమిక్ కాంట్రాస్ట్‌ను ఆపేయండి. అవి పనిచేస్తున్నంత సేపూ మీరు సరిచేసింది నిలవదు. ఇప్పుడు బ్రైట్‌నెస్. పేరు ఎలా ఉన్నా, చాలా టీవీలలో ఈ మీట సరిచేసేది నలుపును. నల్లకోటు వేసుకున్న మనిషి చీకటి గదిలో ఉన్న దృశ్యాన్ని ఆపి, కోటు మడతలు కనబడీ కనబడనట్టు ఉండేవరకు జరపండి. మడతలు పూర్తిగా మునిగిపోతే తక్కువైనట్టు, నలుపు బూడిద రంగుకు తిరిగితే ఎక్కువైనట్టు. కాంట్రాస్ట్‌కు తెల్లచొక్కా కావాలి. చొక్కా గుండీలు, కుట్లు తెల్లదనంలో కలిసిపోకుండా విడిగా కనబడాలి. తెర మొత్తం కాంతి ఎక్కువో తక్కువో అనిపిస్తే ముట్టవలసింది ఈ రెండింటినీ కాదు, బ్యాక్‌లైట్‌ను. కొన్ని కొత్త టీవీలు బ్యాక్‌లైట్‌నే బ్రైట్‌నెస్ అనీ, నలుపును బ్లాక్ లెవెల్ అనీ పిలుస్తున్నాయి గనుక, మీట జరిపినప్పుడు మారుతున్నది చీకటి భాగమా, మొత్తం తెరా అని చూసి గుర్తుపట్టండి.

ఎంత జరిపినా నలుపు నలుపు కాకుండా బూడిదగానే ఉంటే, లేదా చీకటి దృశ్యాలు సిరా ఒలికినట్టు ముద్దగా ఉంటే, బాక్సుకూ టీవీకీ లెక్క కుదరలేదని అర్థం. ప్రసారాలలో నలుపు నుంచి తెలుపు వరకు 16 నుంచి 235 దాకా అంకెలు వాడతారు. కంప్యూటర్ల లెక్క 0 నుంచి 255 దాకా. టీవీలో హెచ్‌డీఎంఐ రేంజ్ అనే అమరికను లిమిటెడ్ లేదా ఆటోలో ఉంచితే బాక్సుతో పేచీ ఉండదు.

ఇక మీరు అడిగిన షార్ప్‌నెస్. ఈ మీట బొమ్మలో లేని వివరాన్ని తేలేదు. అంచుల పక్కన వెలుగు గీత ఒకటి గీసి పదునుగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. ఎస్‌డీ చానెళ్ల మీద అయితే కుదింపు మచ్చలకు కూడా అంచులు దిద్ది మరీ చూపిస్తుంది. బాక్సు మెనూ తెరిచి, నల్లని వెనకతలం మీద ఉన్న తెల్లని అక్షరానికి దగ్గరగా వెళ్లి నిలబడండి. షార్ప్‌నెస్ తగ్గిస్తూ పోతే అక్షరం చుట్టూ ఉన్న నీడగీత సన్నబడి ఒక చోట పోతుంది. అక్కడే ఆపండి. అది సున్నా కావచ్చు, పది కావచ్చు, టీవీని బట్టి ఉంటుంది. నాయిస్ రిడక్షన్‌ను హెచ్‌డీకి ఆపేయవచ్చు. ఎస్‌డీకి లో అన్న చోట ఉంచితే మచ్చలు కొంత సద్దుమణుగుతాయి. హై పెడితే మనుషుల ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. కలర్ చివరన చూసుకోండి. పువ్వులనూ చీరలనూ చూసి కాదు, మనిషి ముఖం చూసి సరిచేయాలి. ఈ అమరికలన్నీ చాలా టీవీలలో ఒక్కొక్క సోర్స్‌కు విడివిడిగా ఉంటాయి కనుక, బాక్సు తగిలించిన హెచ్‌డీఎంఐలో ఉండగానే చేయండి.

ప్రశ్న: కొన్ని చానెళ్లలో మనుషులు పొట్టిగా, లావుగా కనబడుతున్నారు. వార్తల చానెల్‌లో అడుగున పరుగెత్తే అక్షరాలు సగం తెగిపోతున్నాయి.

జవాబు: ఇవి రెండు వేర్వేరు లోపాలు. లావు కావడానికి కారణం, 4:3 నిష్పత్తిలో తీసిన పాత బొమ్మను 16:9 తెర నిండా సాగదీయడం. టీవీలో ఆస్పెక్ట్ లేదా పిక్చర్ సైజ్ అనే చోట ఆటో గాని 4:3 గాని పెడితే పక్కల నల్లని పట్టీలతో మనిషి మనిషిలా ఉంటాడు. బాక్సు మెనూలో మాత్రం టీవీ రకం 16:9 అనే ఉండాలి. అక్షరాలు తెగడానికి కారణం, అంచుల లోపాలను దాచడానికి పాత టీవీలు బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కోసే పద్ధతిని కొత్త టీవీలు కూడా కొనసాగించడం. జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్, ఫుల్ పిక్సెల్ అని ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు పెట్టిన అమరికను ఎంచుకుంటే కోత ఆగుతుంది. హెచ్‌డీ చానెళ్లలో ఈ ఒక్క మార్పుతో పదును కూడా పెరుగుతుంది, ఎందుకంటే అంచులు కోయడానికి చేసే ఆ అదనపు సాగదీత అప్పుడు ఉండదు.

ప్రశ్న: వాన పడితే బొమ్మ ముక్కలుముక్కలవుతుంది. వాన లేని రోజుల్లో కూడా కొన్ని చానెళ్లు మాత్రమే అలా అవుతున్నాయి. ఇది కూడా సెట్టింగుల వల్లేనా?

జవాబు: కాదు. ఇప్పుడు మాత్రం మేడ ఎక్కవలసిందే. ఉపగ్రహం భూమధ్యరేఖకు ఎగువన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి కేయూ బ్యాండ్ అనే ఎక్కువ పౌనఃపున్యాల పట్టీలో వచ్చే తరంగాలను దట్టమైన వాన పీల్చుకుంటుంది. కుండపోతలో కాసేపు బొమ్మ పోవడం ఎవరికైనా తప్పదు. చిన్న జల్లుకే పోతోందంటే మాత్రం మీ డిష్ మామూలు రోజుల్లోనే అంచు మీద పనిచేస్తోందని అర్థం. బాక్సు మెనూలో స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు పట్టీలు ఉంటాయి. చూడవలసింది క్వాలిటీని. స్ట్రెంగ్త్ నిండుగా ఉండి క్వాలిటీ తక్కువగా ఉంటే డిష్ కొంచెం పక్కకు తిరిగి ఉండవచ్చు, లేదా ఎల్‌ఎన్‌బిని (డిష్ ముందు చేతికి బిగించి ఉండి, సిగ్నల్‌ను అందుకొనే చిన్న పరికరం) దాని గొట్టంలో సరైన వాలుకు తిప్పకపోయి ఉండవచ్చు. క్వాలిటీ పెరిగితే బొమ్మ అందం పెరగదు, వానకు తట్టుకొనే శక్తి పెరుగుతుంది.

కొన్ని చానెళ్లు మాత్రమే చెడడానికి కారణం, చానెళ్లన్నీ గుంపులుగా ఉపగ్రహంలోని విడివిడి ట్రాన్స్‌పాండర్ల (సిగ్నల్‌ను అందుకొని కిందికి తిరిగి పంపే పరికరాల) మీద వస్తాయి, ఒక గుంపు దెబ్బతింటే అందులోని చానెళ్లన్నీ కలిసే పోతాయి. కొన్ని గుంపులు నిలువు ధ్రువణంలో, కొన్ని అడ్డ ధ్రువణంలో, అంటే తరంగం నిలువుగా గాని అడ్డంగా గాని ఊగేలా ఉంటాయి. ఏది కావాలో బాక్సు ఎల్‌ఎన్‌బికి అదే వైరులో 13 లేదా 18 వోల్టులు పంపి చెబుతుంది. వైరు తుప్పుపట్టినా, దారిలో అతుకులు ఎక్కువైనా ఆ 18 వోల్టులు పైదాకా చేరక సగం చానెళ్లు మూగబోతాయి. డిష్ దగ్గరి పిన్ను విప్పి చూడండి. మధ్యనున్న రాగి తీగ నల్లబడినా, లోపల తడి ఉన్నా ఆ ముక్క కోసేసి కొత్త పిన్ను వేయించి, నీరు దిగకుండా టేపు చుట్టించాలి. విప్పే ముందు బాక్సు కరెంటు ఆపడం మరవకండి. డిష్‌కు ఎదురుగా ఏపుగా పెరిగిన చెట్టు కొమ్మలు కూడా ఇదే పని చేస్తాయి. మార్చి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొన్ని రోజుల పాటు దాదాపు ఒకే వేళకు కొన్ని నిమిషాలు మాత్రమే బొమ్మ పోతుంటే ఎవరినీ పిలవకండి. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చినప్పుడు జరిగేది అది, దానంతట అదే పోతుంది.

ప్రశ్న: సినిమాలన్నీ టీవీ సీరియల్‌లా నున్నగా జారిపోతున్నట్టు ఉన్నాయి. ఆటల్లో మాత్రం బంతి బాగానే కనబడుతోంది.

జవాబు: సినిమాకు సెకనుకు 24 బొమ్మలు. టీవీ వాటి మధ్య తాను కల్పించిన బొమ్మలను ఇరికిస్తోంది. మోషన్ స్మూతింగ్ వంటి పేరుతో ఉన్న ఆ అమరికను సినిమాలకు ఆపేసి, ఆటలకు కావాలంటే కొద్దిగా ఉంచుకోండి. అడుగున పరుగెత్తే అక్షరాలు విరుగుతున్నా, ఆటగాళ్ల కాళ్ల చుట్టూ గాలి వణుకుతున్నట్టు కనబడినా అది ఎక్కువైందని గుర్తు.

ప్రశ్న: బంగారు పూత ఉన్న ఖరీదైన హెచ్‌డీఎంఐ వైరు కొంటే బొమ్మ మెరుగుపడుతుందని, పాత చానెళ్లను 4కె చేసే డబ్బా ఒకటి ఉందని దుకాణదారు అంటున్నారు. కొనవచ్చా?

జవాబు: కొనవద్దు. హెచ్‌డీఎంఐలో వెళ్లేది కూడా అంకెలే. రెండు మీటర్ల సాధారణ వైరు వాటిని తప్పులు లేకుండా చేరవేస్తుంటే, పది రెట్లు ఖరీదైన వైరు అంతకంటే మంచి అంకెలను తేలేదు. వైరు చెడిపోతే తెర మీద మిణుకుమిణుకుమనే తెల్లని చుక్కలు వస్తాయి, లేదా బొమ్మ పోయి వస్తూ ఉంటుంది. అప్పుడు మరో మామూలు వైరు మార్చుకుంటే చాలు. ఇక 4కె చేసే డబ్బా చేయబోయేది మీ టీవీ ఇప్పటికే చేస్తున్న సాగదీతే. ఆ డబ్బును హెచ్‌డీ బాక్సు మీద పెట్టండి.